నా చావుకి వచ్చినవాళ్లు

నేను చచ్చిపోయానన్న కబురు అవతలి ఒడ్డంతా పాకిపోయాక, అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. అప్పుడు నేను చౌకీ వెనకగదిలో, దవడకి గుడ్డ కట్టుకుని, పన్నుపోటుతో మూలుగుతూ పడుకుని ఉన్నాను.

మా చౌకీ అక్-జర్ వాగు ఒడ్డున, మిట్ట మీద ఉంటుంది. వాగుకి ఇవతల మేము, కిర్గిజ్ సరిహద్దు దళం. అవతల వేరే దేశం. దేశం వేరే గానీ మనుషులు వేరే కాదు, అక్కడున్నవాళ్లూ కిర్గిజ్‌లే. నా చిన్నతనంలో రెండు ఒడ్లూ కలిపి ఒకటే పచ్చిక. మా గొర్రెలు పొద్దున ఇటు మేసి సాయంత్రం అటు పడుకునేవి. తర్వాత పెద్దవాళ్లు ఎక్కడో కుర్చీల్లో కూర్చుని వాగు నడిమధ్య ఒక గీత గీశారు. ఆ గీత మాకు కనిపించదు. గొర్రెలకి అసలే కనిపించదు. అయినా నాకు ఆ గీత మీద కోపం లేదు. దానికి కాపలా కాసిన జీతంతోనే ముగ్గురు ఆడపిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేశాను.

ఇక్కడ ఎషిమ్ సంగతి చెప్పాలి. అవతలి ఒడ్డున మొదటి గుడారం వాడిది. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే గుర్రమెక్కి బడికి వెళ్లేవాళ్లం. వాడు ముందు, నేను వెనక. ఒక్కరోజైనా నన్ను ముందు కూర్చోనిచ్చిన పాపాన పోలేదు. వాడి నోటికి రెండు ఒడ్ల మీదా అందరూ జడిసేవాళ్లు, ఒక్క నా భార్య బురుల్ తప్ప.

వాడికీ నాకూ ఒక ఆడగుర్రం దగ్గర చెడింది. అది వాడి పందెపు గుర్రం. ఒక వేసవిలో పశువులకి రోగం తగిలి, గీత దాటొచ్చిన ఏ జంతువునైనా దొడ్లో కట్టేయాలనీ, పశువుల డాక్టరు చూసేదాకా వదలకూడదనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ మహాతల్లి గడ్డి కోసం వాగు దాటి మా వైపు వచ్చింది. కట్టేశాను. డాక్టరుగారు తీరిగ్గా వచ్చారు. ఈలోపు ఎషిమ్ ఏడాదిగా కలలు కంటున్న పందెం కాస్తా అయిపోయింది. గుర్రం మాత్రం నేను పెట్టిన బార్లీ తిని బాగా ఒళ్లు చేసింది.

దాన్ని వదిలిన రోజున వాడు తన ఒడ్డున బండమీద నిలబడి, కొండలు మారుమోగేలా అరిచాడు.

"ఒరేయ్ అసన్‌కుల్! కలిసి పెరిగినవాడి గుర్రాన్ని జైల్లో పెట్టినోడివి నువ్వు ఒక్కడివేరా! ఇదుగో, ఈ వాగు సాక్షి. నీ చావుకి ఏడవడానికి తప్ప నీ ఒడ్డున కాలు పెట్టను!"

"అయితే ఆ కాళ్లు పెట్టెలో పెట్టి దాచుకో! నేనిప్పుడప్పుడే చావను!" అని నేనూ అరిచాను.

అంతే, మాటలు ఆగిపోయాయి. వాడు మాట మీద నిలబడ్డాడు. అయితే రోజూ పొద్దున నేను చౌకీ గుర్రాలకి నీళ్లు పెట్టడానికి వాగు దగ్గరికి దిగుతాను. వాడూ తన గుర్రాలతో అదే వేళకి అటువైపు దిగుతాడు. నన్ను చూసి వాడు ఉమ్మేవాడు. వాడిని చూసి నేను దగ్గేవాడిని. ఇద్దరం వెనక్కి తిరిగి ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం. ఏళ్ల తరబడి మా పలకరింపు ఇదే.

గుర్రాన్ని కట్టేసినందుకు నేను బాధపడ్డానా అంటే, పడలేదు. ఇవాళ వచ్చినా మళ్లీ కట్టేస్తాను. నేను కట్టుబాటు మనిషిని. సంతలో గొర్రెను బేరమాడేవాళ్లు ఒకరి చొక్కా చేతిలోకి ఒకరు చెయ్యి దూర్చి వేళ్లతో ధర చెప్పుకుంటారు, నోటితో చెప్పకూడదు. గుర్రాల మీద మేక కోసం కుమ్ములాడుకునే మా ఆటలో ఎదుటివాడి గుర్రం మొహాన కొరడా వెయ్యకూడదు. బురుల్‌తో గొడవ పెట్టుకున్నప్పుడు వాళ్లమ్మ మాట ఎత్తకూడదు, ఎత్తితే ఆ పూట నాకు రొట్టె దొరకదు. ఎక్కడికక్కడ ఇలాంటివి ఉండబట్టే మనుషులు ఒకళ్లనొకళ్లు పీక్కు తినకుండా ఉన్నారని నా నమ్మకం. మరి తుపాకులున్న చోట అవి లేకపోతే ఎలా?

ఆ ఏడు వసంతంలో మా చౌకీకి కొత్త లెఫ్టినెంటు వచ్చాడు. పేరు తిలెక్. బిష్కెక్‌లో మేడమీద మేడ ఉన్న ఇంట్లో పుట్టి పెరిగినవాడు. గుర్రం ఎక్కితే గుర్రమే వాడి మీద జాలిపడేది. అయినా మంచివాడు. సిపాయిలు తిన్నాకే తను తినేవాడు. నన్ను 'బాయికే' అని, పెద్దన్నను పిలిచినట్టే పిలిచేవాడు. అయితే రాసి ఉన్న ప్రతి అక్షరాన్నీ ఖురాను వాక్యంలా చూసేవాడు. మాకు ఎగువన ఎక్కడో నీళ్ల దగ్గర రెండు ఒడ్లవాళ్లూ రాళ్లు రువ్వుకుని తలలు పగలగొట్టుకున్నారు. జాగ్రత్తగా ఉండమని మాకు ఆజ్ఞలు వచ్చాయి. దాంతో కుర్రవాడికి నిద్ర కరువైంది.

తుపాకీ ఎప్పుడు పేల్చాలన్న నియమాల్ని అట్టమీద రాయించి గోడకి తగిలించాడు. పొద్దున్నే అందరిచేతా వల్లె వేయించేవాడు, నాతో సహా. ఎవరైనా గుంపుగా గీత దాటి చౌకీ మీదికి వస్తే మొదట మైకులో ఆగమని చెప్పాలి. ఆగకపోతే గాల్లోకి కాల్చాలి. అప్పటికీ ఆగకుండా, వాగుకీ చౌకీకీ మధ్య సున్నం కొట్టిన తెల్లరాయిని దాటితే, ఇక మనుషుల మీదే కాల్చవచ్చు. పద్ధతిగానే ఉంది. నాకేం అభ్యంతరం లేదు.

ఆ అట్ట మీదే కింద ఇంకో నియమం ఉంది. తుపాకుల ముందు మామూలు జనం నివాసం ఉంటే, పొరపాటున మన గుళ్లకే బలికాకుండా, దూరానికి కనిపించేలా దానికి తెల్లజెండా కట్టాలి. మా తుపాకుల ముందున్న నివాసం ఒక్కటే, మా ఉన్ని గుడారం. వేసవి అంతా బురుల్ అక్కడే ఉండి గుర్రాల పాలు పితుకుతుంది. అప్పుడు మాత్రం లేదు. మా చిన్నదాని పురిటికని దిగువ ఊరికి వెళ్లింది.

ఆమె అటు వెళ్లడం, ఇటు నాకు పన్నుపోటు మొదలవడం ఒకేసారి జరిగాయి. కుడి దవడ రొట్టెలా పొంగింది. నోరు తెరుచుకోలేదు. మందులిచ్చే కుర్రాడు చూసి, "బాయికే, ఇది పీకించాల్సిందే. జిల్లా ఆసుపత్రికి పొండి" అన్నాడు. రేపు పోతా, రేపు పోతా అని గొణుగుతూ, దవడ కింద నుంచి నడినెత్తికి గుడ్డ బిగించి కట్టుకుని పడుకున్నాను. గుర్రాలకి నీళ్లు పెట్టే పని సార్జెంటు కదీర్‌కి అప్పగించాను. నేను వాగు దగ్గరికి దిగకపోవడం ఎషిమ్ చూశాడు. మర్నాడు కూడా చూశాడు. ఉమ్మడానికి మనిషి లేక వాడు అక్కడే నిలబడి మా చౌకీ వంకే చూస్తూ ఉండిపోయేవాడని కదీర్ తర్వాత చెప్పాడు.

సరిగ్గా ఆ సమయంలో తిలెక్ అట్టమీది ఆ నియమాన్ని అమలు చేశాడు. పొడుగాటి కర్ర తెప్పించి, దానికి మా గుడారంలోని తెల్ల దుప్పటే కట్టించి, గుడారం పక్కన నిలబెట్టించాడు.

మా కొండల్లో గుడారం మీద జెండా ఎగిరిందంటే, ఆ గుడారంలో మగవాడు పోయాడని అర్థం. కుర్రవాడు పోతే ఎర్రది. నడివయసువాడు పోతే నల్లది. ముసలివాడు పోతే తెల్లది. పట్నంలో ఎవరూ పాటించరు కాబట్టి తిలెక్‌కి ఎవరూ చెప్పి ఉండరు. నాకు తెల్లది పెట్టినందుకు తర్వాత కాస్త మనసు చివుక్కుమంది. నేనింకా నల్లజెండా వయసులోనే ఉన్నాననుకున్నాను.

ఇంకొకటి. చావు ఇంటికి మగవాళ్లు నెమ్మదిగా నడుచుకుంటూ రాకూడదు. అలా వస్తే పోయినవాడిని చులకన చేసినట్టు. దూరం నుంచే గుర్రాలను దౌడు తీయించి, జీను మీద అటూ ఇటూ ఊగిపోతూ, పోయినవాడి పేరు పెట్టి గొంతెత్తి ఏడుస్తూ, గుడారం గుమ్మం దాకా ఆగకుండా రావాలి. దారిలో ఎవరు ఏమడిగినా పలకకూడదు.

ఆ పొద్దున ఏం జరిగిందో తిలెక్, కదీర్ చెప్పగా నేను కలుపుకున్నది ఇది. ఫలహారాలు అయ్యాక కప్పుమీద మెషీన్‌గన్ దగ్గరున్న కదీర్ "గుర్రాలు!" అని కేక వేశాడు. అవతలి కొండ మీద నుంచి ఒక గుంపు, పెద్ద గుంపే, దుమ్ము లేపుకుంటూ దిగి, వాగులోకి దూకి, నీళ్లు చిమ్ముకుంటూ ఇటు ఎక్కింది. అందరూ పెద్దగా అరుస్తున్నారు. వాగు హోరులో ఆ అరుపు ఏడుపో, పోరుకేకో తెలియలేదు.

తిలెక్ మైకు అందుకున్నాడు. "ఆగండి! ఇది సరిహద్దు! ఆగి ఎవరో చెప్పండి!"

వాళ్లు పలకలేదు. ఎలా పలుకుతారు? చావుకి వస్తున్నారాయె.

తిలెక్ గాల్లోకి కాల్పించాడు. అక్కడే కథ ఇంకా చెడింది. అవతలివాళ్లు ఆ పేలుడు విని, మా చౌకీవాళ్లు తమ పాత సిపాయికి గౌరవంగా తుపాకులు పేలుస్తున్నారనుకున్నారు. దాంతో వాళ్లకి దుఃఖం రెట్టింపైంది. ఇంకా గట్టిగా ఏడుస్తూ, గుర్రాలను ఇంకా జోరుగా తోలారు.

ఆ పేలుడికే నాకు మెలకువ వచ్చింది. కళ్లు తెరిచేసరికి చెవుల్లో ఏడుపు పడింది. అలవాటు కొద్దీ, అయ్యో పాపం, ఎవరు పోయారో అనుకున్నాను. లేచి కూర్చుని, మనసులోనే రెండు మంచిమాటలు కూడా చెప్పుకోబోయాను. అప్పుడు ఆ ఏడుపులో నా పేరు వినపడింది.

"ఓ నా అసన్‌కులో! నా గుర్రం మీద నా వెనక కూర్చున్నవాడా! నా వీపు చల్లబడిపోయిందిరో! ఒక్క మాటన్నా లేకుండా పోయావా నా తోడబుట్టినోడా!"

అది ఎషిమ్ గొంతు. అన్నేళ్లుగా ఉమ్మడం తప్ప నాకు వేరే శబ్దం వినిపించని గొంతు. కిటికీలోంచి చూశాను. నా గుడారం పక్కన నా దుప్పటే ఎగురుతోంది. ఒక్కసారిగా మొత్తం అర్థమైంది. ఒళ్లు చల్లబడిపోయింది. నా చావు గురించి కాదు, అట్టమీద ఉన్న మూడో మాట గురించి. దాన్ని రోజూ పొద్దున్నే నా నోటితో నేనే వల్లె వేస్తున్నాను. వాళ్లు ఆగరు. తెల్లరాయి దాటుతారు. అందరికంటే ముందు ఎషిమ్ దాటుతాడు, ఎందుకంటే వాడు ఎప్పుడూ ముందే ఉంటాడు.

బయటికి పరిగెత్తాను. చెప్పులు లేవు. ఒంటిమీద తెల్ల బనీను, తెల్ల లోపలి లాగు. ఇసుక బస్తాల వెనక తిలెక్ నిలబడి ఉన్నాడు. వాడి చెయ్యి పైకెత్తి ఉంది. ఆ చెయ్యి కిందికి దిగితే కప్పుమీద కదీర్ కాల్చాలి. 'కాల్చొద్దు' అని అరవబోయాను. నోరు తెరుచుకోలేదు. గుడ్డ విప్పుదామంటే ముడి పడిపోయింది. గొంతులోంచి దూడ అరుపు లాంటిది ఏదో వచ్చింది, అంతే.

ఇక ఆలోచించలేదు. బస్తాల మీద నుంచి దూకి, తెల్లరాయి వైపు పరిగెత్తాను.

"బాయికే! పడుకోండి! పడుకోండి!" అని వెనక నుంచి తిలెక్ అరుస్తున్నాడు.

పడుకోలేదు. రాయి దగ్గరికి వెళ్లి, తుపాకులకి వీపు పెట్టి, గుర్రాలకి ఎదురుగా, రెండు చేతులూ చాపి నిలబడ్డాను. వీపు వైపే కదీర్ తుపాకీ గురి ఉందని తెలుసు. ముందు ఎషిమ్ గుర్రం ముక్కుల్లోంచి ఆవిరి కొడుతూ మీదికి వస్తోంది. నిజం చెప్తున్నాను, అప్పుడు పన్నునొప్పి లేదు.

ఎషిమ్ తలెత్తి చూశాడు. ఏడుపు మధ్యలోనే తెగిపోయింది. తెల్లబట్టల్లో, దవడకట్టుతో, చేతులు చాపుకుని శవం ఎదురొచ్చి నిలబడితే ఎవడికైనా అంతే కదా. వాడు కళ్లెం అంత గట్టిగా లాగేసరికి గుర్రం వెనకకాళ్ల మీద లేచింది. వెనకవాళ్లు వచ్చి వాడి గుర్రాన్ని గుద్దుకున్నారు. ఒకడు బురదలోకి దొర్లాడు. ఇంకొకడు గబగబా కలిమా చదవడం మొదలుపెట్టాడు. గుంపంతా తెల్లరాయికి అవతలే ఆగిపోయింది.

వెనక నుంచి తిలెక్ గొంతు వినిపించింది. "కాల్చొద్దు! ఎవరూ కాల్చొద్దు! తుపాకీ పక్కకి తిప్పు!"

ఆ తెల్లరాయి మీదే కూలబడ్డాను. బతికిపోయాడు, ఎషిమ్ బతికిపోయాడు అని లోపల ఒకటే మాట తిరుగుతోంది. నా జన్మలో అంత హాయి ఎప్పుడూ ఎరగను, నా పిల్లలు పుట్టినప్పుడు కూడా.

ఎషిమ్ గుర్రం దిగకుండానే, మెడ ముందుకి చాపి అడిగాడు. "నువ్వు... చచ్చావా లేదా? ఏదో ఒకటి చెప్పు."

గుడ్డని ఒక పక్కకి లాగి, పెదవి కొసలోంచి, "పన్ను" అన్నాను.

"ఏంటీ?"

"పన్నునొప్పి."

వాడు నెమ్మదిగా గుర్రం దిగాడు. నా దగ్గరికి వచ్చి వంగి, దవడ చూశాడు, గుడ్డ చూశాడు. తలమీది తెల్ల ఉన్ని టోపీ తీసి దాంతో నా భుజాల మీద బాదడం మొదలుపెట్టాడు.

"పన్నా! పన్నునొప్పా నీకు! ఇంతమందిని ఏడిపించావు కదరా గాడిదా! నా గొంతు చూడు, ఎలా బొంగురుపోయిందో! గొర్రెను కూడా కోయించి తెచ్చానురా నీ మొహానికి!"

కొట్టి కొట్టి అలసిపోయి, ఒక్కసారిగా నన్ను కావలించుకున్నాడు. వాడి భుజం సరిగ్గా నా వాపు మీద ఆనింది. నేను కేక పెట్టాను. వాడు వదల్లేదు. మళ్లీ ఏడ్చాడు. ఈసారి ఏడుపు వేరు, దానికి గొంతు లేదు. నాకూ ఏడుపు ఆగలేదు. గుర్రం మీద వెనక కూర్చున్నప్పుడు వచ్చే అదే వాసన, గొర్రె ఉన్నీ, పొగా కలిసిన వాసన, వాడి కోటులో ఇంకా ఉంది.

తిలెక్ వచ్చాడు. మొహంలో రక్తం లేదు. "అసలు వీళ్లెవరు బాయికే? ఎందుకొచ్చారు?"

నేను మాట్లాడలేక గుడారం వైపు చెయ్యి చూపించాను. ఎషిమే చెప్పాడు. "ఆ తెల్లగుడ్డ కట్టిందెవరు బాబూ? మా దగ్గర ముసలాడు పోతేనే అది కడతారు. వీడు నాలుగు రోజులై వాగు దగ్గరికి దిగట్లేదు. పైన తెల్లజెండా లేచింది. ఇంకేమనుకోమంటావు? బెంగపెట్టుకుని పోయుంటాడనుకున్నా, నా గుర్రాన్ని కట్టేసినందుకు."

"అది... లోపల మామూలు జనం ఉన్నారని గుర్తు. పొరపాటున మేమే కాల్చకుండా" అన్నాడు తిలెక్.

"కాల్చకుండానా!" ఎషిమ్ నా మీద పడి నవ్వాడు. "ఓరి నాయనో! కాల్చకుండా ఉండటానికి కట్టిన గుడ్డని చూసుకునే తుపాకుల ముందుకొచ్చాం!"

గుంపంతా గొల్లున నవ్వింది. తిలెక్ నవ్వలేదు. నా పక్కనే నేలమీద కూర్చుని టోపీ తీశాడు. "దించబోయాను బాయికే. మీరు దూకడం చూడకపోయుంటే చెయ్యి దించేసేవాణ్ణి" అన్నాడు మెల్లగా.

వాడి మెడ మీద చెయ్యి వేశాను. ఏం చెప్పాలన్నా నోరు రాదు. నాకు బదులు ఎషిమ్ అన్నాడు. "దించలేదు కదయ్యా. నాకు ఇంకా రెండు చెవులూ ఉన్నాయి, చూసుకో. లేచి టీ పెట్టించు. చావు ఇంటికొచ్చినవాళ్లని ఇంతసేపు గుమ్మంలో నిలబెడతారా?"

కప్పుమీద నుంచి కదీర్ తొంగిచూశాడు. "నాకు జెండా కట్టేటప్పుడే అనుమానం వచ్చింది బాయికే. చెప్తే ఆర్డరు ఆర్డరే అంటారని ఊరుకున్నా."

"నువ్వు దిగిరా, నీ సంగతి చెప్తా!" అన్నాడు తిలెక్. అప్పుడు వాడికీ నవ్వు వచ్చింది.

అయితే తిలెక్ తిలెకే. టీ నీళ్లు మరిగేలోపే అట్ట ముందు నిలబడ్డాడు. కాగితాలు లేకుండా గీత దాటినవాళ్లని పట్టుకుని జిల్లాకి పంపాలి. విచారణ అంటే వారాలు. గొర్రెల్ని ఎవరు చూస్తారు? ఒక్క వెసులుబాటు ఉంది. అయినవాళ్ల చావు కబురు అందితే, రెండు ఒడ్లవాళ్లూ పొద్దుగూకేదాకా ఉండి పోవచ్చు, చౌకీ అధికారి ఒప్పుకుంటే చాలు.

"కానీ చావు లేదు కదా. నేను అబద్ధం రాయలేను" అన్నాడు తిలెక్, నిజంగానే బాధపడుతూ.

"దానికేం, వీణ్ణి చంపేద్దాం" అన్నాడు ఎషిమ్. "ఎటూ ఏడ్చేశాం, ఖర్చు కూడా అయిపోయింది."

తిలెక్ అట్టని ఇంకోసారి చదివాడు. "మీకు కబురు అందిందా?" అని అడిగాడు.

"అందింది."

"పంపింది ఎవరు?"

అందరూ మొహాలు చూసుకున్నారు. తిలెక్ గుడారం వంక చూపించాడు. "నేను. ఆ జెండా నేనే కట్టించాను. చౌకీ అధికారి తప్పు కబురు పంపాడు, వీళ్లు నమ్మి వచ్చారు, పొద్దుగూకేలోపు వెళ్లారు. ఇదే రాస్తాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. తిట్లు తింటే నేను తింటాను."

ఎషిమ్ వాడిని తేరిపార చూశాడు. "బాగుందయ్యా. ఆ గుర్రం రోజున నువ్వుండి ఉంటే నా పందెం పోయేది కాదు."

"నేనున్నా కట్టేసేవాణ్ణే అక్సకల్" అన్నాడు తిలెక్, పెద్దాయన్ని పిలిచినట్టు మర్యాదగా.

నా దవడ ఎంత నొప్పెట్టినా నవ్వకుండా ఉండలేకపోయాను. ఎషిమ్ నా వైపు తిరిగి, "నవ్వుతున్నావా? నోరు తెరుచుకుంటోందన్నమాట" అని, గుర్రాల నాడాలు పీకే పట్టకారు తెమ్మన్నాడు. మందులిచ్చే కుర్రాడు అడ్డుపడబోయాడు గానీ, వాడి మాట ఎవడు విన్నాడు? పట్టకారు మరిగే నీళ్లలో ముంచారు. నన్ను కూర్చోబెట్టి కదీర్ తల పట్టుకున్నాడు. ఎషిమ్ మోకాలు నా గుండెల మీద పెట్టాడు.

"ఇది నా గుర్రం కోసం" అన్నాడు, లాగాడు.

తర్వాత కాసేపు నాకు ఏమీ గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి వాడు ఆ పన్నుని ఎండకెత్తి, "ఇంత చిన్నదానికా నేను జీను మీద అంతలా ఊగింది?" అంటున్నాడు. నొప్పి పోయింది. నోట్లో రక్తం, ఉప్పు, హాయి.

చావు ఇంటికి తెచ్చింది వెనక్కి తీసుకుపోకూడదు. అందుకని వాళ్లు తెచ్చిన గొర్రెను మా గుడారం ముందే వండారు. నేను నమల్లేనని నా వాటా మాంసం కూడా ఎషిమే తిన్నాడు, తింటూ ప్రతి ముక్క రుచీ నాకు వర్ణించి చెప్పాడు. నేను చారు తాగుతూ విన్నాను. ఏం మాట్లాడుకున్నాం అంటే, ఏమీ లేదు. ఎవరి గుర్రం ఈనింది, ఎవరి అల్లుడు తాగుబోతు, ఇవే.

అప్పుడు దిగువ మలుపులో పాలబండి కనిపించింది. బురుల్ దాని ముందు కూర్చుని ఉంది.

అందరం ఒక్కసారే గుడారం వంక చూశాం. దుప్పటి ఇంకా ఎగురుతూనే ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తిలెక్, ఎషిమ్, కదీర్, నేను, బురదలో పడ్డవాడు, అందరం కర్ర మీద పడ్డాం. తాడు విప్పే ఓపిక లేక ఎషిమ్ కత్తితో కోశాడు. కర్రతో సహా దుప్పటి మా అందరి నెత్తిమీదా పడింది. బురుల్ బండి దిగేసరికి, ఒక తెల్లదుప్పటి కింద నుంచి మగవాళ్ల కాళ్లు చాలా కనిపించాయి.

"నా కొత్త దుప్పటి!" అంది బురుల్. తర్వాత ఎషిమ్ తల బయటికి రావడం చూసి నోరు మూసుకుంది. మెల్లగా మా ఆయన ఎక్కడ అని చుట్టూ చూసింది. నేను చెయ్యి ఎత్తాను. ఆమె కొయ్యబారిపోయిన మొహం వదులైంది. మలుపు దగ్గరే జెండా చూసిందట. చూసి బండివాడికి కూడా చెప్పకుండా, పళ్లు బిగబట్టి కూర్చుందట. ఇది నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది.

అప్పుడు మాత్రం జరిగిందంతా విని, తిలెక్‌ని నిలబెట్టి కడిగేసింది. "జెండా కావాలంటే నన్నడగాలి గానీ, ఉన్నవాణ్ణి పోయినట్టు చేస్తావా తమ్ముడూ? మీ అమ్మ నీకు ఇదే నేర్పిందా?" లోపలికెళ్లి తన పూల శాలువా తెచ్చి వాడి చేతిలో పెట్టింది. ఎర్రపూలూ, పచ్చ ఆకులూ, అంచున బంగారు దారం. "ఇది కట్టు. దూరానికి కనిపిస్తుందా లేదా? దీన్ని చూసి ఎవడూ ఏడవడు."

తిలెక్ అట్ట వైపు ఒకసారి చూశాడు. తెల్లదే అని రాసి ఉంది. అయినా పూల శాలువా కట్టాడు. బురుల్ తర్వాత పిడికిలితో నా వీపు మీద ఒక్కటి గుద్ది, "మనవడు పుట్టాడు" అంది.

పొద్దు వాలుతుండగా వాళ్లు గుర్రాలెక్కారు. ఎషిమ్ ఆఖరున ఎక్కాడు. తెల్లరాయి దగ్గర గుర్రాన్ని ఆపి, "నా మాట తప్పలేదు, చూశావుగా. ఏడవడానికే వచ్చాను, ఏడ్చాను" అన్నాడు.

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"ఇంకెందుకు రావాలి? నీ ఏడుపు అయిపోయింది. నిజంగా చచ్చినా రాను." కాసేపు కళ్లెం సర్దుకున్నాడు. "కాబట్టి నువ్వు నాకంటే ముందు పోకూడదు. ఇది ఇప్పటినుంచి మనిద్దరి మధ్యా కట్టుబాటు. నా చావుకి నువ్వే రావాలి. గుర్రాన్ని దౌడు తీయించి రా. పన్నునొప్పి అని నడిపించుకుంటూ రాకు."

"కట్టుబాటంటే పాటిస్తానని తెలుసుగా" అన్నాను.

"తెలుసు. గుర్రాన్నే వదల్లేదు నువ్వు" అని నవ్వి, వాగులోకి దిగాడు.

మర్నాడు పొద్దున గుర్రాలకి నీళ్లు పెట్టడానికి దిగితే, అవతల ఎషిమ్ గుడారం పక్కన కూడా ఒక కర్ర లేచి ఉంది. దానిమీద వాడి ఆడవాళ్లదే ఏదో నీలంపూల గుడ్డ. అప్పటినుంచి రోజూ పొద్దున మా శాలువా ఇటు, వాడి గుడ్డ అటు. తిలెక్ బదిలీ అయి పోతూ, కొత్తగా వచ్చిన అధికారికి చౌకీ అప్పగించినప్పుడు మొదట చూపించింది ఆ రెండు గుడ్డలనే.

మొన్న ఒక పొద్దున పొగమంచు దిగింది. అవతలి ఒడ్డు కనపడలేదు. బురుల్ టీ తెచ్చింది. తాగలేదు. వాగు ఒడ్డునే నిలబడ్డాను. టీ చల్లారిపోయింది. ఇంకోటి తెచ్చింది, అదీ చల్లారిపోయింది. ఆమె కూడా నా పక్కనే నిలబడింది. కాసేపటికి మంచు విడిపోయింది. ముందు కర్ర కనపడింది, తర్వాత నీలంపూలు. వాటి కింద ఎషిమ్ కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే చెయ్యి దించి, పక్కకి తిరిగి ఉమ్మాడు.

నేను గట్టిగా దగ్గాను.